రాముడి నుంచి రమేశ్ దాకా: తెలుగువారి మగపేర్ల అర్థాలు, మూలాలు

టెట్, డీఎస్సీ చదివేవాళ్లకు సంధులు, సమాసాలు, వ్యుత్పత్త్యర్థాలు, ప్రకృతి–వికృతులు వేర్వేరు పాఠాలు. గ్రూప్స్ చదివేవాళ్లకు శాసనాలు, రాజవంశాలు మరో పుస్తకం. వీటన్నిటినీ ఒక్కచోట సాధన చేయాలంటే మగవాళ్ల పేర్లకు మించిన సామగ్రి లేదు. తరగతి హాజరు పట్టీలోని పేర్లను విడదీసి చెప్పడం వస్తే వ్యాకరణంలో సగం భయం పోతుంది. బజారులో దొరికే పేర్ల పుస్తకాలు మాత్రం సంస్కృత నామాల అర్థాల దగ్గరే ఆగిపోతాయి. మల్లయ్య, ఓబులేసు, సైదులు, పెంటయ్య వాటిలో కనిపించరు. ఈ నేల చరిత్ర, ఇక్కడి మనుషుల నమ్మకాలు ఎక్కువగా నిలిచింది ఆ పేర్లలోనే. అందుకే ఈ వ్యాసంలో వాటికి ఎక్కువ చోటు ఇస్తున్నాం.

శాసనాల్లో తొలి పేర్లు

శాతవాహన రాజులు తల్లి గోత్రంతో తమను చెప్పుకున్నారు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అందుకు ఉదాహరణలు. గౌతమీపుత్రుడి విజయాలను చెప్పే నాసిక్ శాసనాన్ని వేయించింది ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ. ఇక్ష్వాకులూ ఇదే దారిలో నడిచారు. నాగార్జునకొండ శాసనాల్లో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు కనిపిస్తారు. అభ్యర్థులు తరచు పొరబడేది ఇక్కడే. పేరులో తల్లి ఉన్నంత మాత్రాన అది మాతృస్వామ్యం కాదు. రాజ్యం తండ్రి నుంచి కొడుక్కే వచ్చింది.

శాతవాహనుల్లో రెండో రాజు కృష్ణుడి పేరు నాసిక్ ప్రాకృత శాసనంలో ‘కణ్హ’ అని ఉంది. మన కన్నయ్య, కన్నడు ఈ ప్రాకృత రూపపు బంధువులే. కన్నయ్యకూ కళ్లకూ సంబంధం వెతకనక్కర్లేదు. తొలి తెలుగు మాటగా పండితులు గుర్తించిన ‘నాగబు’ అమరావతి రాతి మీద దొరికింది. నాగయ్య, నాగన్న, నాగరాజు, నాగేశ్వరరావు పేర్లతో నాగ శబ్దం నేటికీ ఇంటింటా వినిపిస్తోంది.

పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనంగా చెప్పుకునేది కడప జిల్లా కలమళ్ల శాసనం. కాలం సుమారు క్రీ.శ. 575. దాన్ని వేయించిన రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. పేరు నిర్మాణం గమనించండి. ముందు దేశి పదాలతో బిరుదు, చివర సంస్కృత వ్యక్తినామం. ‘ధనాన్ని జయించినవాడు’ అని అర్థమిచ్చే ధనంజయుడు అర్జునుడి పేరు కూడా. అంటే తెలుగు శాసనభాష తొలి అడుగులోనే దేశి, సంస్కృత పొరలు రెండూ ఒకే మనిషి పేరులో కలిసి ఉన్నాయి.

కాకతీయుల్లో బేతరాజు, ప్రోలరాజు అచ్చ దేశి పేర్లు. ‘ప్రోలు’ అంటే ఊరు, పట్టణం. ప్రోల, ప్రోలయ పేర్లను ఆ మాటతోనే ముడిపెడతారు. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం రుద్రదేవుడిది. తరువాత గద్దెనెక్కిన రుద్రమదేవి శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అనే మగపేరుతో కనిపిస్తుంది. రాజ్యాధికారాన్ని మగపేరుతోనే ఒప్పుకునే కాలంలో ఆమె ఆ పేరునే ధరించి ఏలింది.

అయ్య, అన్న, అప్ప

తెలుగు మగపేరుకు చివర చేరే చుట్టరికపు మాటలు ముఖ్యంగా మూడు: అయ్య, అన్న, అప్ప. మూడూ పెద్దవాళ్లను పిలిచే మాటలే. నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన అని కవుల పేర్లు చదువుతాం. వీటి చివరి ‘అయ’, ‘అన’ ఆ అయ్య, అన్నల పొట్టి రూపాలు. రాయలసీమలో, కన్నడ సీమ అంచుల్లో ‘అప్ప’ ఎక్కువ: తిమ్మప్ప, కదిరప్ప, నాగప్ప. తెలంగాణలో ‘అయ్య’ది పైచేయి. ఉత్తరాంధ్రలో ‘అన్న’, ‘నాయుడు’ వినిపిస్తాయి. ఇది గీత గీసినట్టున్న విభజన కాదు. ఎక్కడ ఏది ఎక్కువో చెప్పే సూచన మాత్రమే.

రామ + అయ్య = రామయ్య. ఇది అత్వసంధి, తెలుగు సంధి. పరవస్తు చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) చదివేటప్పుడు ఆయన పేరునే ఉదాహరణగా పెట్టుకోవచ్చు. చిన్న + అయ్య = చిన్నయ్య, దాని పొట్టి రూపం చిన్నయ.

హోదా నుంచి వచ్చిన మాటలు వేరు. నాయుడు అంటే నాయకుడు. ‘రాజు’కు ప్రాకృతం మీదుగా వచ్చిన రూపాలు రాయ, రావు. ‘రెడ్డి’ అన్నది శాసనాల్లోని రట్టగుడి, రట్టడి వంటి రూపాల నుంచి వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఊరి పెత్తనాన్ని, పదవిని చెప్పిన ఈ మాటలు కాలం గడిచాక కులసూచకాలుగా గట్టిపడ్డాయి. ‘రావు’ మాత్రం ఒక్క కులానికి కట్టుబడలేదు.

ప్రథమా విభక్తి నాలుగు ప్రత్యయాలూ పేర్లలోనే

డు, ము, వు, లు. ప్రథమా విభక్తి అనగానే చిన్నప్పటి నుంచి వల్లె వేసే ఈ నాలుగింటికీ మగపేర్లలో ఉదాహరణలు దొరుకుతాయి.

సంస్కృతంలో ‘రామః’ తెలుగులోకి వస్తే ‘రాముడు’. విష్ణువు, శంభువు పేర్లలో ‘వు’. ‘లు’ బహువచనం. ఒకరినే గౌరవంగా పలికేటప్పుడూ అదే వస్తుంది: ఆంజనేయులు, వెంకటేశ్వర్లు, రామానుజులు. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణాలర్పించిన పొట్టి శ్రీరాములు పేరులో ఉన్నది ఈ ‘లు’నే.

‘ము’ దగ్గర చాలామంది ఆగిపోతారు. అది వస్తువులకు, భావాలకు చేరేది కదా, మగవాడికి ఎలా చేరుతుంది? చేరుతుంది. టంగుటూరి ప్రకాశం, కందుకూరి వీరేశలింగం పేర్ల చివరి సున్న ఆ ‘ము’ ప్రత్యయమే. ప్రకాశము, వీరేశలింగము అన్నవి వాటి నిండు రూపాలు. సింహాచలం, సుందరం అంతే. తెలంగాణలో మల్లేశం, రాజేశం, లింగం, పోశం ఊరూరా ఉన్నారు. ‘మల్లేశుడు’ కావలసింది ‘మల్లేశం’ అయింది. పుస్తకంలోని సూత్రాన్ని దాటి జనం పలుకు తన దారి తాను వేసుకుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

సంధులు, సమాసాలు: పేర్లతో సాధన

‘ఈశ’ అంటే ప్రభువు. ఆ ఒక్క మాటతో ఎన్ని సంధులో చూడండి. రమా + ఈశ = రమేశ, ఉమా + ఈశ = ఉమేశ, సుర + ఈశ = సురేశ, ఇవి గుణసంధులు. రమేశుడు విష్ణువు, ఉమేశుడు శివుడు. పేర్లు వినడానికి దగ్గరగా ఉన్నా దేవుళ్లు వేరు. సతీ + ఈశ = సతీశ, గిరి + ఈశ = గిరీశ, ఇవి సవర్ణదీర్ఘాలు. జగత్ + ఈశ = జగదీశ, జశ్త్వసంధి. అదే జగత్తు ‘నాథ’తో కలిస్తే జగన్నాథ, అప్పుడది అనునాసిక సంధి. మనః + హర = మనోహర, విసర్గ సంధి. రామ + అనుజ = రామానుజ, సవర్ణదీర్ఘం. రాముడి తమ్ముడు అని అర్థం, కనుక లక్ష్మణుడు.

సమాసాల్లో మగపేర్లకు పుట్టిల్లు బహువ్రీహి. చక్రము పాణియందు కలవాడు చక్రపాణి. చంద్రుడు శిరోభూషణముగా కలవాడు చంద్రశేఖరుడు. పద్మము నాభియందు కలవాడు పద్మనాభుడు. నల్లని కంఠము కలవాడు నీలకంఠుడు. శశము, అంటే కుందేలు, అంకముగా (గుర్తుగా) కలవాడు శశాంకుడు, అంటే చంద్రుడు. యశోద కట్టిన తాడు (దామం) ఉదరం మీద కలవాడు దామోదరుడు. అచ్చతెలుగులో మూడు కన్నులు కలవాడు ముక్కంటి. గణములకు పతి గణపతి మాత్రం షష్ఠీ తత్పురుష.

కొన్ని పేర్లకు ఒకటికి మించిన వ్యుత్పత్తులు ఉంటాయి. మాధవుడు: మధువంశంలో పుట్టినవాడు అని ఒకటి, ‘మా’ (లక్ష్మి) యొక్క ధవుడు (భర్త) అని మరొకటి. కేశవుడు: కేశి అనే రాక్షసుణ్ణి చంపినవాడు, లేదా చక్కని కేశాలు కలవాడు. ప్రశ్నలో ఏది ఇచ్చినా సరైనదిగా గుర్తించగలగాలి.

తొలి అచ్చు మారితే కొడుకు పేరు

తండ్రి పేరు, తల్లి పేరు, వంశకర్త పేరు తీసుకుని మొదటి అచ్చుకు వృద్ధి చేస్తే సంతానాన్ని చెప్పే తద్ధితం వస్తుంది. దశరథుడి కొడుకు దాశరథి, వసుదేవుడి కొడుకు వాసుదేవుడు, సుమిత్ర కొడుకు సౌమిత్రి, అంజన కొడుకు ఆంజనేయుడు, అదితి కొడుకు ఆదిత్యుడు. రఘువంశీయుడు రాఘవుడు, కుశికుడి వంశంవాడు కౌశికుడు, భృగువంశీయుడు భార్గవుడు. కృత్తికలు పెంచిన బిడ్డ కార్తికేయుడు. ఈ సూత్రం ఒక్కటి పట్టుబడితే పదుల కొద్దీ పేర్ల అర్థం బట్టీ పట్టకుండానే వస్తుంది.

శాస్త్రం ఏం చెప్పింది, జనం ఏం చేశారు

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పరిచి, తండ్రి బంగారు ఉంగరంతో వాటి మీద పేరు రాస్తాడు. జన్మనక్షత్రపు పేరు ఒకటి, పిలుచుకునే పేరు ఒకటి. నక్షత్రం పాదాన్ని బట్టి తొలి అక్షరం వస్తుంది. అశ్విని నాలుగు పాదాలకు చూ, చే, చో, లా.

గృహ్యసూత్రాల నియమాలు ఇంకా పాతవి. పారస్కర గృహ్యసూత్రం ప్రకారం మగపిల్లవాడి పేరు రెండు లేదా నాలుగు అక్షరాలు ఉండాలి. ఘోషాక్షరంతో మొదలవాలి. మధ్యలో అంతస్థం (య, ర, ల, వ) ఉండాలి. కృదంతం (ధాతువు నుంచి పుట్టిన మాట) కావాలి, తద్ధితం కాకూడదు. భద్ర, దేవ వంటి పేర్లు ఈ కొలతకు సరిపోతాయి. ‘కృష్ణ’ క వర్ణంతో మొదలవుతుంది, క ఘోషాక్షరం కాదు. రాఘవ, ఆదిత్య, కౌశిక్ తద్ధితాలు. దేశమంతా ఇష్టపడి పెట్టుకుంటున్న పేర్లు ఇవే! ఇష్టం ముందు సూత్రం నిలవలేదు.

మనుస్మృతి రెండో అధ్యాయం చెప్పిన నియమం మాత్రం అంత తేలిగ్గా దాటిపోదగింది కాదు. బ్రాహ్మణుడి పేరు మంగళాన్ని, క్షత్రియుడి పేరు బలాన్ని, వైశ్యుడి పేరు ధనాన్ని సూచించాలని, శూద్రుడి పేరులో జుగుప్స ధ్వనించాలని అది శాసించింది. పసిబిడ్డకు పేరు పెట్టే వేళ కూడా ఎక్కువ తక్కువలు నిర్ణయించిన అన్యాయం ఇది. ఊళ్లలో మల్లయ్యను ‘మల్లిగా’ అని, వెంకయ్యను ‘ఎంకా’ అని పెత్తందార్లు పిలిచిన పిలుపుల వెనుక ఉన్నదీ ఈ చూపే. సామాజిక అంశాల వ్యాసాల్లో పేరును గౌరవానికి సంబంధించిన ప్రశ్నగా రాయడానికి ఇది బలమైన ఆధారం.

దేవుడు తెలిస్తే ఊరు తెలుస్తుంది

పాతతరం తెలుగువాడి పేరు చెబితే చాలాసార్లు ఆయన ఏ ప్రాంతంవాడో చెప్పవచ్చు. అప్పన్న, అప్పలనాయుడు, అప్పలరాజు, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న నీడ. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం పైడితల్లమ్మ. నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ బిడ్డ. లోవరాజు తుని దగ్గర తలుపులమ్మ లోవకు చెందుతాడు. పానకాలరావు మంగళగిరి పానకాలస్వామి పేరు. కోటయ్య, కోటేశ్వరరావు కోటప్పకొండవైపు, పెంచలయ్య నెల్లూరు పెంచలకోనవైపు. ఓబులేసు, ఓబయ్య, ఓబుల్‌రెడ్డి అహోబిలం నరసింహుడి పేర్లు. ‘అహోబిలేశుడు’ జనం నోట నలిగి ‘ఓబులేసు’ అయ్యాడు.

తెలంగాణలో యాదగిరి, యాదయ్య అంటే యాదగిరిగుట్ట. రాజయ్య, రాజేశం అంటే వేములవాడ రాజన్న. అంజయ్య అంటే కొండగట్టు అంజన్న గుర్తుకొస్తాడు. ఓదెలు ఓదెల మల్లన్న పేరు, ఐలయ్య ఐలోని మల్లన్న పేరు. సమ్మయ్య, సారయ్య మేడారం సమ్మక్క, సారలమ్మల పేర్లకు మగ రూపాలు. అమ్మవారి పేరును మగబిడ్డకు పెట్టుకోవడం మనకు కొత్త కాదు: ఎల్లమ్మ–ఎల్లయ్య, పోచమ్మ–పోచయ్య, మైసమ్మ–మైసయ్య, అంకమ్మ–అంకయ్య, పోలేరమ్మ–పోలయ్య. ఇంత విస్తారంగా తల్లి దేవతల పేర్లు మగవాళ్లు మోయడం ఈ నేల ప్రత్యేకతగా రాయదగ్గది.

తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య పేరును చూడండి. కొమురవెల్లి మల్లన్నను కొలిచే ప్రాంతంలో కొమరయ్య, కొమురయ్య సాధారణం. భాషాపరంగా చూస్తే ‘కుమార’కు తద్భవం ‘కొమర’. ప్రకృతి–వికృతుల్లో ‘కుమారుడు–కొమరుడు’ వచ్చినప్పుడు ఈ పేరు గుర్తు చేసుకోండి. ఇదే వరుసలో సింహము–సింగము నుంచి సింగన్న, సింగయ్య. వృషభము–బసవడు నుంచి బసవయ్య, బసవన్న. లక్ష్మణుడి నుంచి లచ్చన్న.

తిరుమల కొండదే అన్నిటికంటే పెద్ద కుటుంబం. వెంకటేశ్వర్లు, వెంకన్న, వెంకయ్య, వెంకట్రావు, తిరుపతి, తిరుపతయ్య, తిరుమలయ్య, ఏడుకొండలు, శ్రీనివాసులు, గోవిందు, బాలాజీ, అందరూ ఒక్క దేవుడే. వేంకటం కొండ పేరు. ‘వేం’ అంటే పాపాలు, ‘కట’ అంటే దహించేది అని సంప్రదాయ వ్యుత్పత్తి.

దర్గా మొక్కు, క్రైస్తవ పేర్లు

సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందూ బిడ్డలు సైదులు, సైదయ్య, సైదిరెడ్డి అయ్యారు. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు పూజలందుకునే కుళ్లాయిస్వామి పేరు మీద కుళ్లాయప్పలు వెలిశారు. మస్తానయ్య, మస్తాన్‌రావు, పీరయ్య, దస్తగిరి కూడా ఇలాంటివే. అరబిక్, ఫారసీ మాటకు ‘అయ్య’, ‘అప్ప’, ‘రావు’ తోడైన ఈ పేర్లు కలిసి బతికిన పల్లెలకు సాక్ష్యాలు. సమైక్య జీవనం మీద వ్యాసం రాయాల్సి వస్తే ఇంతకంటే గట్టి ఉదాహరణ వెతకక్కర్లేదు.

ముస్లిం పేర్లలో ‘అబ్దుల్’ అంటే ‘ఫలానావారి సేవకుడు’. తరువాత వచ్చేది దైవనామం. అబ్దుల్ కరీం అంటే ఉదారుడైన దేవుని సేవకుడు. రామదాసు, యేసుదాసు పేర్ల నిర్మాణమూ ఇదే. హైదరాబాదు కవి మఖ్దూం మొహియుద్దీన్ పేరులోని ‘దీన్’ అంటే ధర్మం. ధర్మానికి ప్రాణం పోసేవాడు మొహియుద్దీన్.

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా పేరు హీబ్రూ మూలానిది. యెహోవాయే రక్షణ అని అర్థం. తెలుగు బైబిలు ‘యెహోషువ’ అని రాస్తుంది. ‘యేసు’ అన్న నామమూ ఇదే మూలం నుంచి గ్రీకు మీదుగా వచ్చింది.

బతకాలని పెట్టిన పేర్లు

పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతున్న ఇంట, మళ్లీ కొడుకు పుడితే ఆ తల్లి ఏం చేసేది? పొత్తిగుడ్డల్లోని బిడ్డను తీసుకెళ్లి పెంటకుప్ప మీద కాసేపు ఉంచేవారు. పొరుగింటామె వచ్చి ఎత్తుకునేది. ‘ఈ బిడ్డ నాకు దొరికింది’ అనేది. తల్లి చేటలో తవుడో, నూకలో పోసి ఆమె దగ్గర బిడ్డను కొనుక్కునేది. ఇక వాడు తన బిడ్డ కాదు, కొనుక్కున్న బిడ్డ. విలువలేనివాడిని మృత్యువు కూడా ముట్టదని నమ్మకం. ఆ బిడ్డ పెంటయ్య. తవుడిచ్చి కొన్నవాడు తవుడు, తవిటయ్య, తవిటినాయుడు. ఎంగిలి విస్తరి (పుల్లాకు) మీద పడుకోబెట్టినవాడు పుల్లయ్య. భిక్షగా దొరికినవాడు బిచ్చయ్య, భిక్షం. దిష్టి తగలకుండా పిచ్చయ్య.

పైన చెప్పిన నూకరాజుకు నూకాలమ్మతో పాటు ఈ నూకల బేరం కూడా మూలం కావచ్చు. ఒకే పేరుకు ఇంటింటికీ వేరే కథ ఉంటుంది.

ఇవి మను చెప్పిన జుగుప్స పేర్లతో కలిపి చూడకూడనివి. అక్కడ నింద పైనుంచి వచ్చి పడింది. ఇక్కడ బిడ్డ మీది ప్రేమ నింద ముసుగు వేసుకుంది. వైద్యం అందని రోజుల్లో శిశుమరణాలు ఎంత మామూలో ఈ పేర్లు చెబుతాయి. బడిలో పెంటయ్యను చూసి నవ్వే పిల్లలకు టీచరు ఈ సంగతి చెప్పాలి. టీచర్ కాబోయే అభ్యర్థి తెలుసుకోవలసిన మొదటి విషయాల్లో ఇదొకటి.

చరిత్ర వేసిన ముద్ర

దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మీది అభిమానంతో రాయలసీమలో ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారు. ఆంగ్లేయుడి ఇంటిపేరుకు ‘అప్ప’ చేరింది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో గాంధీ, బోస్, జవహర్ వ్యక్తినామాలయ్యాయి. కమ్యూనిస్టు ఉద్యమం బలంగా ఉన్న ఊళ్లలో లెనిన్, స్టాలిన్ పుట్టారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా తన పిల్లలకు దేవుళ్ల పేర్లు పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకు సమరం.

హలంత పేర్లు, అక్షరదోషాలు

తెలుగు అజంత భాష, అంటే పదం అచ్చుతో ముగుస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో హిందీ పలుకుబడితో చివరి అచ్చు రాలి రమేశుడు ‘రమేశ్’ అయ్యాడు. కుమార్, ప్రసాద్, కిరణ్ అలా స్థిరపడ్డాయి. పిలిచేటప్పుడు మాత్రం ‘రమేశూ’ అని అచ్చు చేర్చుకునే పిలుస్తాం.

రాతలో తప్పులు ఎక్కువగా వచ్చేదీ ఈ పేర్లలోనే. ‘ఈశ’లో ఉన్నది శ. కనుక రమేశ్, సురేశ్, మహేశ్, గణేశ్ సరైన రూపాలు. ‘ష’ వాడుకలో పాతుకుపోయింది, పరీక్షలో మాత్రం శుద్ధరూపమే రాయాలి. హర్షలో ష సరైనదే. విశ్వనాథ్, రఘునాథ్‌లలో ‘థ’ ఉండాలి, ‘ధ’ కాదు. సిద్ధార్థలో మొదట ద్ధ, తరువాత ర్థ. అనిరుద్ధుడు (అడ్డగింపశక్యం కానివాడు) ‘అనిరుధ్’ అయితే అర్థం చెడుతుంది. యజ్ఞం చేయించేవాడు ఋత్విక్కు, కనుక ‘రిత్విక్’ కన్నా ‘ఋత్విక్’ మేలు.

సాధన ప్రశ్నలు

1. ‘జగన్నాథుడు’ ఏ సంధి?
అనునాసిక సంధి. ‘జగదీశుడు’ అయితే జశ్త్వం. రెంటినీ పక్కపక్కనే ఇచ్చి తికమక పెట్టే అవకాశం ఉంది.

2. ‘సౌమిత్రి’ ఎవరు?
సుమిత్ర కొడుకు. లక్ష్మణుడికి రూఢి.

3. ‘చక్రపాణి’ ఏ సమాసం?
బహువ్రీహి. చక్రం, పాణి రెండూ కాక మూడోవాడైన విష్ణువుకు ప్రాధాన్యం.

4. శాతవాహనుల పేర్లలో తల్లి గోత్రం ఉండటాన్ని బట్టి వారిది మాతృస్వామ్య వ్యవస్థ అనవచ్చా?
అనలేం. వారసత్వం తండ్రి నుంచి కొడుక్కే సంక్రమించింది.

5. ‘సైదులు’ పేరులో ప్రత్యయం ఏది, మూలపదం ఏ భాషది?
ప్రత్యయం ప్రథమా విభక్తి ‘లు’, గౌరవార్థకం. మూలం అరబిక్ ‘సయ్యద్’, నాయకుడు, పెద్ద అని అర్థం.